వైదొలిగారట!

నేను వెళ్లిపోలేదు. నన్ను తీసేశారు. ఈ రెంటికీ తేడా తెలియనివాళ్లు అశోక్‌నగర్‌లో ఎవరైనా ఉంటే నా దగ్గరికి పంపండి, కూర్చోబెట్టి చెబుతాను. తొమ్మిదేళ్లుగా నా పని అదే కదా. ఒక మాట తీసుకుని దాని అర్థమేమిటో, ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడితే నవ్వులపాలవుతామో గవర్నమెంటు పరీక్షలకు చదివే పిల్లలకు చెప్పడం. ఇంగ్లిషు చెప్పే భాగ్యశ్రీ మేడం అంటే ఆ గల్లీల్లో జిరాక్స్ షాపులవాళ్లకు కూడా తెలుసు. నాకు కోపమెక్కువని కూడా తెలుసు. తెలియనీ.

ఆ కబురు నాకు చిక్కడపల్లి కూరగాయల మార్కెట్‌లో అందింది. బెండకాయలు ఏరుతున్నాను. లేతవో ముదురువో తెలియాలంటే చివర విరిచి చూస్తాం కదా, అలా ఒకటి విరిచి పక్కన పెట్టేసరికి ఫోన్ మోగింది. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపు.

“మన ఇంగ్లిష్ ఫ్యాకల్టీ శ్రీమతి భాగ్యశ్రీ గారు వ్యక్తిగత కారణాల వల్ల సంస్థ నుంచి వైదొలిగారు. వారి భవిష్యత్తు ఉజ్వలంగా ఉండాలని కోరుకుంటూ శనివారం సాయంత్రం మన హాల్లో ఆత్మీయ వీడ్కోలు సభ. అందరూ తప్పక హాజరు కావలెను. మేనేజ్‌మెంట్.” కింద దండం పెట్టే చేతులు, పక్కన ఒక గులాబీ.

మళ్లీ చదివాను. మళ్లీ మళ్లీ చదివాను. కళ్లు ఫోన్ మీద ఉన్నాయి గానీ చేతుల సంగతి నాకు తెలియదు.

“అమ్మా, ఓ అమ్మా! కొంటవా, ఇరుసుకుంటనే కూసుంటవా?” అంది కూరగాయలావిడ. చూసుకుంటే గంపలో ముందు వరసంతా తలలు విరిగి పడి ఉంది. అన్నీ నేనే కొన్నాను, ముదిరినవాటితో సహా.

వైదొలిగారట! వైదొలగడమంటే ఏమిటి? మనంతట మనం పక్కకు తప్పుకోవడం. ఎన్నికల్లో నామినేషన్ వేసినాయన గడువులోగా వెనక్కి తీసుకుంటే అది వైదొలగడం. ఆరోగ్యం బాగాలేక సంఘం అధ్యక్షుడు కుర్చీ ఇంకొకరికి అప్పగిస్తే అది వైదొలగడం. పొద్దున్నే పిలిచి, టీ తెప్పించి, రేపటి నుంచి రావద్దని చెబితే దాన్ని వైదొలగడం అనరు, తీసేయడం అంటారు. పేపర్లో రాస్తే తొలగించడం, హాస్టల్లో పిల్లలు మాట్లాడుకుంటే పీకెయ్యడం. వాటిలో ఏ మాటైనా పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ మాట వినగానే ఎవరు తీసేశారు, ఎందుకు తీసేశారు అని మనిషన్నవాడు అడుగుతాడు. వైదొలిగారు అంటే ఎవరూ ఏమీ అడగరు. పాపం ఏం కష్టం వచ్చిందో అనుకుని ఊరుకుంటారు, లేదా ఎంత పొగరో అనుకుంటారు.

మా పిల్లలు రెండోదే అనుకుంటారు. అదే నన్ను కాల్చేసింది. అశోక్‌నగర్‌లో మాలాంటివాళ్లకు ఉన్న పరువల్లా ఒక్కటే. బ్యాచ్ మొదలుపెడితే పరీక్ష దాకా చేయి వదలకూడదు. జ్వరం వచ్చినా, ఇంట్లో పెళ్లి ఉన్నా, క్లాసు ఆగకూడదు. మధ్యలో వదిలేసి ఎక్కువిచ్చే చోటికి ఎగిరిపోయే సార్లు ఉన్నారు. వాళ్ల పేరు చెబితే పిల్లలు ఇప్పటికీ ఉమ్మేస్తారు. ఇప్పుడు పరీక్ష నెత్తి మీదికి వచ్చింది. సిలబస్ ఇంకా పూర్తి కాలేదు. అచ్చంపేట నుంచి, నారాయణపేట నుంచి, సిరిసిల్ల నుంచి వచ్చి, ఇరుకు గదుల్లో మంచానికి మంచం ఆనించుకుని పడుకుని చదివే ఆ పిల్లలు నన్ను కూడా ఆ జాబితాలో వేసేస్తారు. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుంటాను. పిల్లలను నట్టేట వదిలేసిన మనిషినని మాత్రం నేను అనిపించుకోను.

అసలు జరిగింది ఇది. కోచింగ్ సెంటర్ పేరు చెప్పను, చెబితే దానికి ఉచిత ప్రచారం.

నా క్లాసులో ఒక పద్ధతి ఉంది. కొత్త మాట నేర్చుకుంటే దానితో ప్రతివాళ్లూ ఒక వాక్యం చెప్పాలి. గైడ్లో ఉన్నది చెప్పకూడదు, పేపర్లో చదివింది చెప్పకూడదు. తను చూసింది చెప్పాలి. ఆ రోజు మాట ‘ఔస్ట్’. ఉన్న స్థానం నుంచి బలవంతంగా వెళ్లగొట్టడమని బోర్డు మీద రాశాను. రాజును గద్దె దించితే ‘డిపోజ్’, నౌకరీ నుంచి తీసేస్తే ‘డిస్మిస్’, ఔస్ట్ మాత్రం కొంచెం దౌర్జన్యం ఉన్న మాట, తోసెయ్యడం ఉంటుంది అందులో, అని చెప్పాను.

ఎల్లేశం అని సిరిసిల్ల అబ్బాయి లేచాడు. “మా ఊళ్లె రేషన్ డీలర్‌ను ఔస్ట్ చేసిండ్రు మేడం.”

“ఎవరు చేసిండ్రు?”

“ఏమో మేడం. చేసిండ్రు.”

“ఎవరు చేసిండ్రో తెల్వకుంట ఈ మాట వాడకు ఎల్లేశం. ఇది దొంగతనం అసొంటి మాట. దొంగెవరో చెప్పాలె.”

క్లాసు నవ్వింది. వెనక నుంచి రేణుక లేచింది. రేణుక అమ్మానాన్నలు, మాసమ్మ, దాసయ్య, పాలమూరు వైపు నుంచి వచ్చి కవాడిగూడ బస్తీలో ఉంటారు. ఎక్కడ స్లాబు పడితే అక్కడ పనికి పోతారు. మాసమ్మ ఇసుక తట్టలు మోసి కట్టిన ఫీజుతో ఆ పిల్ల మా దగ్గర కూర్చుంది. అందుకే ఎప్పుడూ పుస్తకాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది, ఎవరో లాక్కుపోతారన్నట్టు.

“మా అమ్మతోని పనిజేసే బీరమ్మను మేస్త్రి పనిలకెల్లి ఔస్ట్ చేసిండు మేడం. తాగనీకి నీళ్లడిగిందని.”

“మంచి వాక్యం. కాని కూలి పనికి ఔస్ట్ పెద్ద మాటయితది రేణుకా. ఏదన్న పదవి, కుర్చీ, గసొంటిది ఉన్నోళ్లకు ఎక్కువ వాడుతరు.”

“బీరమ్మకు గా పనే కుర్చీ కద మేడం” అంది రేణుక.

ఆ వాక్యాన్ని అలాగే బోర్డు మీదికి ఎక్కించాను. క్లాసు అంటే అలా ఉండాలి. ఆ రోజు నాకు భలే హుషారుగా ఉంది. ఆ హుషారులోనే, ముందు బెంచీలో ఒకమ్మాయి “మేడం, బయట గోడకున్న ఫ్లెక్సీ మీద ఉద్యోగం గ్యారంటీ అని రాసిండ్రు కద, మనకు నిజంగ గ్యారంటీయేనా?” అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేశాను.

“గ్యారంటీ మిక్సీకి ఇస్తరు, ఫ్యాన్‌కు ఇస్తరు. నౌకరీకి ఎవరిస్తరమ్మా? లక్షల మంది రాస్తరు, కొందరికి వస్తది. రాస్తె రాసుకోనీ, మీరు మాత్రం గోడను నమ్మకుండ్రి, పుస్తకాన్ని నమ్ముండ్రి.”

ఎవరో ఫోన్లో రికార్డు చేశారు. నేను మెట్లు దిగేలోపే అది భానుప్రకాశ్ సార్ చెవిన పడింది. భానుప్రకాశ్ అంటే ఆ సెంటర్ ఓనరు. గొంతు ఎప్పుడూ పెంచడు. చెడ్డ కబురు చెప్పేముందు టీ తెప్పిస్తాడు. మర్నాడు పొద్దున్నే నాకు టీ తెప్పించాడు.

“మేడం, మీరు జర రెస్ట్ తీస్కోండి” అన్నాడు.

“నాకేమైంది సార్ రెస్టుకు?”

“రేపటికెల్లి రానవసరం లేదు మేడం. బ్యాచ్ ఫీడ్‌బ్యాక్ మంచిగ లేదు. పోయిన వారం క్లాస్‌ల చేతులు లేపమన్న. కళ్యాణ్ సార్ కావాల్నని హాలంత లేపిండ్రు. పిల్లలే వద్దనుకున్నంక నేనేం జేస్త, మీరే చెప్పండి.”

కళ్యాణ్ అంటే యూట్యూబ్‌లో ఇంగ్లిషును పాటలు కట్టి, షార్ట్‌కట్లు చేసి చెప్పే కుర్రాడు. భానుప్రకాశ్ తన ఫోన్ నా ముందు పెట్టాడు. ఫొటోలో హాలంతా చేతులే. ఎల్లేశం చెయ్యి ఉంది. ముందు బెంచీ అమ్మాయిది ఉంది. రేణుకదైతే అందరికంటే పైన ఉంది, బెంచీ మీది నుంచి సగం లేచి మరీ ఎత్తింది.

గ్యారంటీ సంగతి ఆయన ఎత్తనే లేదు. నేనూ ఎత్తలేదు, ఎందుకంటే ఆ ఫొటో చూశాక నాకు ఇంకేమీ గుర్తు రాలేదు. నేను తీసెయ్యలేదు, పిల్లలే తీసేశారు అంటున్నాడు ఆయన. టీ అక్కడే వదిలేసి బయటికి వచ్చాను. విద్యానగర్‌లో మా ఇంటి దాకా నడిచే వచ్చాను. ఆ రోజూ మర్నాడూ ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మా ఆయన శ్రీనాథ్ కూర బాగుందన్నా నాకు కోపమే వచ్చింది.

ఆ తర్వాతే మార్కెట్‌లో ఆ మెసేజీ. చూడండి ఆయన తెలివి! నాకు చెప్పేటప్పుడు పిల్లలు తీసేశారు. పిల్లలకు చెప్పేటప్పుడు నేను వైదొలిగాను. మధ్యలో ఆయన మాత్రం కడిగిన ముత్యంలా నిలబడి గులాబీ పువ్వు పంపిస్తాడు. ఆ మెసేజీ కింద పిల్లలు ఒక్కొక్కరే ఏడుపు బొమ్మలు పెట్టారు. ఒకడు “బ్యాచ్ మధ్యల గిట్ల పోతరా మేడం” అని రాశాడు. జవాబు రాద్దామని చూస్తే, అప్పటికే నన్ను గ్రూపులోంచి కూడా తీసేశారు.

బెండకాయల సంచితో అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి వచ్చేసరికి రేణుక నిలబడి ఉంది. కవాడిగూడ నుంచి ఎండలో నడిచి వచ్చినట్టుంది, ముఖమంతా చెమట. నన్ను చూసి నమస్తే కూడా పెట్టలేదు.

“మమ్ములను గిట్ల ఇడిసిపెట్టి పోతరా మేడం? ఇంకా సగం సిలబస్ ఉన్నది. మీకేందో పర్సనల్ ఉంటె ఉండొచ్చు. పరీక్ష అయినంక పోవచ్చు కద?”

వద్దని చెయ్యెత్తినదే వచ్చి నన్ను కడుగుతోంది.

“ఏ మొఖం పెట్టుకొని అడుగుతున్నవే నన్ను? నేను వద్దని చెయ్యి లేపినవు కద! అందరికంటె పైకి లేపినవు కద! ఫొటో సూపించిండు మీ సార్.”

“నేనా?” రేణుక నోరు తెరిచింది. “నేనెప్పుడు లేపిన మేడం?”

“పోయిన వారం. కళ్యాణ్ సార్ కావాల్నని.”

ఆ పిల్ల చున్నీతో ముఖం తుడుచుకుని నెమ్మదిగా చెప్పింది.

“గది మీ గురించి కాదు మేడం. కళ్యాణ్ సార్ షార్ట్‌కట్స్ క్లాస్ ఒకటి ఎక్స్‌ట్రాగ, ఫ్రీగ పెట్టిస్త, ఎవరికి కావాలె అన్నడు సార్. ఫ్రీ అంటే ఎవ్వలు లేపరు మేడం? మీ పేరే రాలేదు ఆడ.”

“నిజంగనేనా?”

“మా అమ్మ తోడు మేడం. అసలు సార్ మొత్తం చెప్పకముందుకే లేపినం. సార్ ఏమడిగినా లేపుతం కద మేము. అర్థమైందా అంటె లేపుతం, అర్థం కాకున్నా లేపుతం. లేపకుంటె నిలవెట్టి అందరి ముంగట అడుగుతడు. అలవాటైపోయింది.”

అది నిజం. నేను చూశాను. భానుప్రకాశ్ సార్ హాల్లోకి అడుగుపెట్టగానే పిల్లల మోచేతులు బెంచీల మీద నుంచి వాటంతటవే లేస్తాయి. ఫ్యాన్లు తిరుగుతున్నాయా? చేతులు. టెస్టు ఆదివారం పెడదామా? చేతులు. ఆ అలవాటును ఫొటో తీసి, దాన్ని నా మెడకు చుట్టాడు ఆ మనిషి.

“నేను పోలేదు రేణుకా. నన్ను తీసేసిండు” అన్నాను. “మీరు తీసేసిండ్రని నాకు చెప్పిండు.”

రేణుక ఏడ్చేసింది. ఏడుస్తూనే “మరి గ్రూప్‌ల అట్ల పెట్టిండేంది మేడం, దొంగ నా...” అని నాలుక కరుచుకుంది. పరవాలేదు, అక్కడ నేనూ ఆ మాటే వాడేదాన్ని.

సాయంత్రం శ్రీనాథ్‌కు అంతా చెప్పాను. మా ఆయనది చల్లని స్వభావం. కరెంటు ఆఫీసులో పని చేస్తాడు, జీవితంలో ఎవరికీ షాక్ ఇవ్వలేదు.

“శనివారం పోయి శాలువా కప్పించుకొని రారాదు? ఎట్లయినా నౌకరీ పోయింది. ఒక్క మాట కోసం పంచాది ఎందుకు?” అన్నాడు.

“రేపు నిన్ను ఆఫీసులకెల్లి మెడవట్టి గెంటి, ‘శ్రీనాథ్ గారు గాలి పీల్చుకోనీకి బయటికి పోయిండ్రు’ అని బోర్డు పెడితె ఊకుంటవా?”

“ఊకోను” అన్నాడు, కొంచెం ఆలోచించి.

“మరి నన్నెందుకు ఊకోమంటున్నవ్?”

కంచం ముందుకు లాక్కున్నాడు. బెండకాయ వేపుడు ముదురుగా ఉందని కూడా అనలేదు పాపం.

మన దగ్గర శాలువా అంత మోసపు గుడ్డ ఇంకోటి లేదు. పనిచేసి రిటైరైనవాళ్లకూ అదే కప్పుతాం, కుట్ర చేసి ట్రాన్స్‌ఫర్ చేయించినవాళ్లకూ అదే కప్పుతాం. కప్పి, పూలదండ వేసి, ఫొటో దిగితే చాలు. ఆ ఫొటో చూసినవాళ్లెవరూ తర్వాత ఏమీ అడగరు. శనివారం నేను నారాయణగూడ మీదుగా ఆటోలో వెళ్తూ ఒకటే అనుకున్నాను. నాకు ఆయన క్షమాపణ వద్దు, ఉద్యోగం తిరిగి వద్దు. తీసేసింది తనేనని ఆయన నోటితో ఆ పిల్లల ముందు అనాలి. అంతే.

హాలు నిండిపోయింది. కూర్చోవడానికి చోటు లేక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. స్టేజీ పక్కన కళ్యాణ్ సార్ ఫ్లెక్సీ అప్పుడే కట్టేశారు, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు అందులో. ముందు వరసలో స్టాండు మీద కెమెరా. నేను నడిచి వస్తుంటే పిల్లలు లేచి నిలబడ్డారు గానీ ముఖాలు ముడుచుకునే ఉన్నాయి. నమస్తే పెట్టినవాళ్లు కూడా నేల చూసే పెట్టారు. రేణుక మూడో బెంచీలో ఉంది. అసలు సంగతి తను ఎవరితో చెప్పినా నమ్మలేదట, తర్వాత తెలిసింది. నువ్వు మేడం చెంచావని తిట్టారట.

భానుప్రకాశ్ మైకు పట్టుకున్నాడు. మైకు పట్టుకుంటే ఆయన భాష మారిపోతుంది.

“ప్రియమైన విద్యార్థులారా! భాగ్యశ్రీ మేడం గారు మనల్ని వీడి వెళ్తున్నందుకు నా గుండె బరువెక్కుతోంది. మేడం గారి కుటుంబ పరిస్థితుల దృష్ట్యా, వారి నిర్ణయాన్ని మనం గౌరవించాలి...”

నా నిర్ణయం! నా కుటుంబ పరిస్థితులు! శ్రీనాథ్ ఆ సమయానికి ఇంట్లో క్రికెట్ చూసుకుంటున్నాడు, అదీ మా కుటుంబ పరిస్థితి. ఆయన శాలువా విప్పి నా భుజాల మీద కప్పాడు. కెమెరా వైపు తిరిగి నవ్వాడు. చప్పట్లు పడ్డాయి, వానకు ముందు చినుకుల్లాగా అక్కడొకటి ఇక్కడొకటి. నేను శాలువా తీసి, మడిచి, కుర్చీలో పెట్టి మైకు అడిగాను. వీడ్కోలు సభలో వీడేవాళ్లకు మైకు ఇవ్వకుండా ఉండలేరు కదా, ఇచ్చాడు.

“నేనొక ముచ్చట అడుగుత. మీ మీద నాకు కోపం లేదు, ఎవరినీ ఏమనను” అన్నాను. “భాగ్యశ్రీ మేడం మాకొద్దు అని సార్‌కు చెప్పినోళ్లు ఎవరెవరు? చేతులు లేపుండ్రి.”

హాల్లో ఒక్క చెయ్యి లేవలేదు. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఎల్లేశం “అట్లెవ్వలన్నరు మేడం?” అన్నాడు బయటికే.

“మంచిది. కళ్యాణ్ సార్ ఫ్రీ క్లాస్ కావాల్నని లేపినోళ్లు?”

ఈసారి చేతులు లేచాయి. ఫొటోలో ఉన్నట్టే హాలంతా లేచాయి. భానుప్రకాశ్ నవ్వు అప్పుడు పోయింది. “మేడం, టైం అవుతోంది...” అన్నాడు పక్క నుంచి.

“గీ చేతుల ఫొటోనే సూపించి, మీరంత నన్ను వద్దన్నరని చెప్పిండు సార్. రేపటికెల్లి రావొద్దన్నడు. నాకేం ఇంటి కష్టం లేదు. నేను పోత అనలేదు. పరీక్ష దాంక మిమ్ములను ఇడిసేదాన్ని కాదు, నాకు తెల్సు, మీకు తెల్సు. మీరు నన్ను వద్దనలేదు, నాకు నేను పోలేదు. ఇగ మిగిలిందెవరు సార్?”

“మేడం కొంచెం ఎమోషనల్ అయితున్నరు” అన్నాడు భానుప్రకాశ్ పిల్లలతో. “ఏయ్, కెమెరా బంద్ చెయ్ రా.”

“ఏడిస్తె ఎమోషనల్ అనుండ్రి. నేను ఏడుస్తలేను, అడుగుతున్న. నన్ను తీసేసింది మీరా, కాదా?”

“అది మేనేజ్‌మెంట్ డెసిషన్ మేడం.”

“మేనేజ్‌మెంట్ అంటె ఎవరు సార్? తొమ్మిదేండ్లల్ల మిమ్మల్ని, మీ కుర్చీని తప్ప ఇంకో మేనేజ్‌మెంట్‌ను నేను సూడలేదు. కుర్చీ తీసేసిందా?”

పిల్లలు పకపకా నవ్వారు. ఆ నవ్వు భానుప్రకాశ్‌కు తగలాల్సిన చోట తగిలింది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి నా చేతిలో మైకు లాక్కున్నాడు.

“అవును! నేనే తీసేసిన! ఏమైతది? నా సెంటర్, నా ఇష్టం. నా గోడ మీద నేను రాసుకున్నదాన్ని, నా హాల్ల నిలవడి, నా పిల్లలకు అబద్ధమని చెప్తె తీసెయ్యక నెత్తిన పెట్టుకుంటరా ఎవరన్న?”

కావాల్సింది దక్కింది. ముఖాలు ముడుచుకున్న పిల్లలంతా ఇప్పుడు తలలెత్తి నన్ను సూటిగా చూస్తున్నారు. ముందు బెంచీ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎల్లేశం లేచి, “సారీ మేడం” అన్నాడు. నాకు అది చాలు. సంచి భుజాన వేసుకున్నాను.

అయితే భానుప్రకాశ్ ఇంకా దిగలేదు. మైకు మళ్లీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. గొంతు మామూలైపోయింది. టీ తెప్పించేటప్పటి గొంతు.

“విన్నరు కద. దాచేదేం లేదు. ఇగ పని సూసుకుందం. సోమవారంకెల్లి ఇంగ్లిష్ కళ్యాణ్ సార్ చెప్తడు. వచ్చేటోళ్లు చేతులు లేపండి. లేపనోళ్లు రేపటికెల్లి ఏ క్లాస్‌కూ రానవసరం లేదు. ఫీజు వాపస్ అడగొద్దు.”

మొదట గోడ దగ్గర ఒక చెయ్యి లేచింది. దాని పక్కన ఇంకోటి. ఎల్లేశం నా వైపు చూడకుండా ఎత్తాడు. ముందు బెంచీ అమ్మాయి ఎత్తింది. ఏం చేస్తారు మరి? ఊళ్లో పొలం కౌలుకిచ్చి వచ్చినవాళ్లున్నారు, అన్న చదువు ఆపించి వచ్చినవాళ్లున్నారు. పరీక్ష దగ్గరికొచ్చాక ఇంకో చోట ఎవరు చేర్చుకుంటారు? చూస్తుండగానే హాలంతా చేతులైపోయింది, మూడో బెంచీలో ఒక్క రేణుక తప్ప. ఆ పిల్ల రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, దవడలు బిగించి కూర్చుంది.

“ఏందమ్మా, నీకొద్దా?” అన్నాడు భానుప్రకాశ్.

“నాకొద్దు” అంది రేణుక. సార్ అని కూడా అనలేదు.

“అయితె బ్యాగ్ తీస్కో.”

రేణుక నిజంగానే బ్యాగు కోసం వంగింది. నాకు మాసమ్మ కనిపించింది. సిమెంటుతో పగిలిన చేతులు, నెత్తి మీద చుట్టగుడ్డ. బిడ్డ మా దగ్గర చేరిన రోజు ఆమె వచ్చి, చెప్పులు బయట విడిచి, “మా పిల్లను జర సూడుండ్రి మేడం” అని మాత్రమే అంది. నేను స్టేజీ దిగి గబగబా మూడో బెంచీ దగ్గరికి వెళ్లాను. రేణుక కళ్లల్లో నీళ్లు, అయినా నన్ను చూసి నవ్వుతోంది, ఏదో గెలిచినట్టు.

“చెయ్యి లేపు” అన్నాను.

“లేప మేడం. మీకోసమే...”

“నాకోసం ఏమొద్దు. నాది అయిపోయింది, ఆయన నోట్లకెల్లే వచ్చింది. నీ పరీక్ష ఉన్నది. లేపు.”

“నేను ఇంట్ల కూసొని చదువుకుంట మేడం.”

“రాత్రయితె మీ ఇంట్ల లైటే ఉండదు, ఏం చదువుతవే? లేపమంటున్న కద!”

అరిచాను. తొమ్మిదేళ్లలో ఏ పిల్ల మీదా అలా అరవలేదు. మాటకు అర్థం చెప్పాను, సొంత వాక్యం చెప్పమన్నాను, ఎవరికీ తల వంచకండని వంద రకాలుగా చెప్పాను. ఇప్పుడు నేనే ఆ పిల్ల మీద నిలబడి, వాడడిగినదానికి చెయ్యెత్తమని అరుస్తున్నాను. నన్ను తీసేసిన రోజు నాకు ఇంత కోపం రాలేదు. ఆ మెసేజీ చదివినప్పుడూ రాలేదు. ఆ మనిషి గొంతు పట్టుకోవాలనిపిస్తోంది, కానీ నా చెయ్యి రేణుక మోచేతి కింద ఉంది.

రేణుక నా వంక చూస్తూనే నెమ్మదిగా చెయ్యెత్తింది.

స్టేజీ మీద నుంచి భానుప్రకాశ్ ఆ చెయ్యిని కూడా చూసుకుని, “గుడ్” అన్నాడు.